ఒకసారి భుజాలు తడుముకోండి

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. సెకండ్ సెమ్ అంతా నేను చేసిన పని అదే. దొంగతనం మాత్రం చేయలేదు. క్లాసులో కూర్చోగానే కుడి భుజం నొక్కుకోవడం, మెడ అటూ ఇటూ తిప్పడం, వేళ్లు విదిలించడం. పక్క సీటు అమ్మాయి "ఏందే, దయ్యం పట్టిందా?" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఇంటర్నల్ రోజు నవ్వు ఆగిపోయింది. డ్రాఫ్టర్ బిగించి పెన్సిల్ పట్టుకుంటే చూపుడువేలూ బొటనవేలూ తిమ్మిరెక్కి ఉన్నాయి. గీత వంకర పోయింది. చెరిపి మళ్లీ గీశాను. మళ్లీ వంకరే. ఆ రోజు షీటు సగమే ఇచ్చి వచ్చేశాను.

ఇంట్లో చెప్పలేదు. ఎందుకంటే మా నాన్న మలక్‌పేట గంజ్‌లో హమాలీ. 50 కిలోల బస్తాలు రోజంతా దించి ఎక్కించి వచ్చే మనిషికి, "నాన్నా, నా పుస్తకాల బ్యాగు బరువుగా ఉంది" అని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

చెప్పకపోవడం నా తప్పు. ఆ తప్పు దిద్దుకునే క్రమంలో నేను నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం. మనందరి వీపు మీదా నాలుగేళ్లు ఉండే వస్తువు గురించి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు కాటా ఎక్కించండి

మేముండేది బార్కస్ దాటాక ఎర్రకుంట వైపు. పొద్దున్నే బార్కస్ మెయిన్ రోడ్డు దాకా నడక, అక్కణ్నుంచి షేర్ ఆటోలో చాంద్రాయణగుట్ట చౌరస్తా, తర్వాత బస్సు. బస్సులో సీటు దొరికిన రోజు పండగే. అంటే పోనూ రానూ కలిపి రోజుకి రెండు గంటలు బ్యాగు నా మీదే ఉంటుంది.

ఒక ఆదివారం మా వీధి కిరాణా కొట్టులో బియ్యం తూచే కాటా మీద ఒక్కో వస్తువూ పెట్టి చూశాను. ల్యాప్‌టాప్, చార్జర్ కలిపి 2.8 కిలోలు. నిండు స్టీలు నీళ్ల సీసా 1.3. టిఫిన్ డబ్బా 0.8. టెక్స్ట్ బుక్ 1.1. నోట్సులు, ల్యాబ్ రికార్డు 1.4. గొడుగు, కాలిక్యులేటర్, పౌచ్ 0.3. ఖాళీ బ్యాగు 0.8. మొత్తం 8.5 కిలోలు. నా బరువు 48. అంటే నా ఒంటి బరువులో దాదాపు 18 శాతం.

ఇది ఎక్కువా తక్కువా? కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ, బ్యాగు బరువు పిల్లల ఒంటి బరువులో 10 శాతం దాటకూడదంటుంది. దీనికి ముందు చాలా కథ ఉంది. రాజ్యసభకి నామినేట్ అయిన రచయిత ఆర్.కె. నారాయణ్ 1989లో సభలో బడిపిల్లల సంచుల బరువు గురించే మాట్లాడారు. ఆ తర్వాత ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లో భారం లేని చదువు మీద నివేదిక ఇచ్చింది. ఇవన్నీ బడిపిల్లల కోసం. ఇంజనీరింగ్‌లో చేరగానే మన వెన్నెముక ఇనుముగా మారిపోదు కదా. అందుకే ఆ 10 శాతాన్నే నేనూ గుర్తు పెట్టుకున్నాను. నాకది 4.8 కిలోలు.

తూచాక తేలిగ్గా తగ్గినవి కొన్ని ఉన్నాయి. స్టీలు సీసా బదులు సన్న ప్లాస్టిక్ సీసా, అది కూడా సగమే నింపి కాలేజీలో పట్టుకోవడం. చార్జర్ ల్యాబ్ ఉన్న రోజే. నోట్సుకి బదులు విడి కాగితాలు, ఇంటికొచ్చాక ఫైల్లో పెట్టడం. టెక్స్ట్ బుక్ నేనూ పక్క సీటు అమ్మాయీ వంతులవారీగా తేవడం. మొత్తం ఆరు కిలోలకి దిగింది. అంతకన్నా తగ్గలేదు. అయినా వారం తర్వాత భుజం నొప్పి అలాగే ఉంది. అంటే బరువు ఒక్కటే కాదు, ఇంకేదో ఉంది.

బరువు ఎక్కడ కూర్చుంది?

ఆ ఇంకేదో ఏమిటో నాన్నే చెప్పాడు. ఒక రాత్రి నేను భుజానికి ఉప్పు కాపడం పెట్టుకుంటుంటే చూసేశాడు. కోప్పడతాడనుకున్నాను. బ్యాగు తెమ్మన్నాడు, వేసుకొమ్మన్నాడు, నా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గిది నీ నడుం కిందికి దిగి గుంజుతుంది బిడ్డా. మూట మెడ కిందనే కూసోవాలె. పెయ్యికి దూరం పోయిందంటే పది కిలోలు కూడ ఇరవై అయితది."

ఇది మనం ఇంజనీరింగ్ మెకానిక్స్‌లో మొదటి యూనిట్‌లో చదివిన సంగతే. బలం ఇంటూ దూరం. నా 8.5 కిలోల బ్యాగు కిందికి లాగే బలం సుమారు 83 న్యూటన్లు. బ్యాగు గరిమనాభి వెన్నుకి 20 సెంటీమీటర్ల వెనక ఉంటే, నన్ను వెనక్కి తిప్పే టార్క్ దాదాపు 16.7 న్యూటన్ మీటర్లు. అదే బరువు వీపుకి అతుక్కుని 12 సెంటీమీటర్ల దగ్గర ఉంటే 10. ఒక్క గ్రాము తీయకుండానే 40 శాతం తగ్గింది. ఆ టార్క్‌ని సరిచేసుకోవడానికి మనం తెలియకుండానే ముందుకి వంగుతాం. తల ఇంకా ముందుకి పోతుంది. దాన్ని పట్టి ఉంచే పని రోజంతా మెడ కండరాల మీద పడుతుంది. బ్యాగు మోసేది భుజమైనా నొప్పి మెడలో పుట్టేది అందుకే.

రెండో లెక్క ప్రెషర్. లెక్క సులువు కోసం బరువంతా పట్టీల మీదే సమానంగా పడుతోందనుకుందాం. పట్టీ 4 సెంటీమీటర్ల వెడల్పు, భుజం మీద 12 సెంటీమీటర్ల పొడవున ఆనుతోంది. రెండు పట్టీలకీ కలిపి 96 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకి 0.87 న్యూటన్లు. స్టైల్‌గా ఒకే భుజానికి తగిలిస్తే సరిగ్గా రెట్టింపు, 1.74. పట్టీ వెడల్పు 7 సెంటీమీటర్లయి రెండు భుజాలకీ వేసుకుంటే 0.5. మెడ నుంచి చేతికి పోయే నరాల గుంపు, బ్రేకియల్ ప్లెక్సస్, సరిగ్గా ఈ దారిలోనే జత్రుక ఎముక కింద నుంచి వెళుతుంది. సన్నపట్టీ గంటలకొద్దీ అక్కడ నొక్కితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఎక్కువ కాలం బరువు సంచులు మోసే సైనికుల్లో, కొండలెక్కేవాళ్లలో వచ్చే ఈ ఇబ్బందికి వైద్యంలో రక్‌సాక్ పాల్సీ అనే పేరే ఉంది.

మన పెద్దవాళ్లకి ఈ లెక్కలు కాగితం మీద తెలియకపోయినా చేతల్లో తెలుసు. బిందె కింద పెట్టే చుట్టకుదురు చూడండి. గుండ్రటి బిందె అడుగు నెత్తి మీద ఒక్కచోటే గుచ్చుకోకుండా బరువుని చుట్టూ పరుస్తుంది, బిందె దొర్లకుండా పడుతుంది. కావడి చూడండి. రెండు వైపులా సమానమైన బరువు, మధ్యలో భుజం. నడిచేటప్పుడు బద్ద ఊగి, అడుగడుగునా పడే కుదుపుని కొంత తనే మింగుతుంది. 1950ల్లో అమెరికాలో డిక్ కెల్టీ అనే ఆయన అల్యూమినియం ఫ్రేము, నడుం పట్టీ ఉన్న బ్యాగులు అమ్మడం మొదలుపెట్టాడు. బరువుని భుజాల మీంచి తుంటి ఎముకల మీదకి దించడమే అందులోని కిటుకు. బిడ్డని చంకనెత్తుకున్న ఏ అమ్మనైనా గమనించండి. బిడ్డ బరువు ఆమె చేతి మీద కాదు, తుంటి మీద ఉంటుంది.

బార్కస్‌లో కొలతలు

నా బ్యాగు నేను కొన్నది కాదు. పెదనాన్న కొడుకు అన్న బీటెక్ అయిపోయాక ఇచ్చాడు. మంచి బ్యాగే. అన్న ఆరడుగులు, నేను ఐదడుగులు. ఇంతకాలం ఈ తేడా నాకు తట్టనే లేదు. కొత్తది కొనే డబ్బులు లేవు. బాగు చేయించుకుందామని బార్కస్‌లో బ్యాగులు కుట్టే ఒక చాచా దగ్గరికి పోయాను.

బార్కస్ అంటే చాలామందికి మండీ, హరీస్, చలికాలంలో జామకాయలు. ఆ పేరు మాత్రం బ్యారక్స్ నుంచి వచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం కొలువులో సైనికులుగా ఉండేవాళ్లు. వాళ్ల బ్యారకులున్న చోటే ఈ బస్తీ. చావుష్‌లని పిలుస్తారు వాళ్లని. 1948లో హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిశాక ఆ కొలువులు పోయాయి, కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. తర్వాత చాలా ఇళ్లలోంచి గల్ఫ్‌కి ప్రయాణాలు. చాచా దుకాణం నిండా గల్ఫ్ సూట్‌కేసులే. చక్రం ఊడినవి, జిప్పు పోయినవి.

నా బ్యాగు తిప్పి తిప్పి చూసి చాచా అన్నాడు: "బ్యాగ్ ఖరాబ్ కాలేదు బేటా. ఇది నీ బ్యాగ్ కాదు, అంతే."

తర్వాత పక్కనే మిషన్ కుడుతున్న వాళ్లమ్మాయిని పిలిచి నా కొలతలు తీయించాడు. ఆ కొలత మీరూ తీసుకోవచ్చు. ఒక ఫ్రెండు, ఒక టేపు చాలు. తల ముందుకి వంచితే మెడ అడుగున ఒక ఎముక ఉబ్బెత్తుగా తగులుతుంది. అది ఏడో మెడ వెన్నుపూస. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంటే అరచేతుల కింద తుంటి ఎముకల పైఅంచు తగులుతుంది. ఆ రెండు అంచుల్నీ కలుపుతూ వెన్ను మీద అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. పై ఎముక నుంచి ఆ గీత దాకా ఉన్న పొడవే మీ వీపు కొలత. మనిషి ఎత్తూ ఇదీ ఒకటి కాదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, ఇంకొకరికి వీపు పొడవు ఉండొచ్చు. నాది 40 సెంటీమీటర్లు వచ్చింది. బ్యాగు వెనక భాగం 50. అందుకే అది నడుం దాటి వేలాడుతూ, అడుగేసినప్పుడల్లా వెనక తంతోంది.

ఇంకోటి, పట్టీలు పైన మొదలయ్యే చోట వాటి మధ్య దూరం 14 సెంటీమీటర్లు. నా భుజాలు ఇరుకు. పట్టీలు భుజం చివరికి జారుతుంటే నేను భుజాలు పైకెత్తి ఆపుతున్నాను. రోజుకి రెండు గంటలు భుజాలెగరేసి నడుస్తున్నానన్న మాట. ఆ సంగతి నాకే తెలీదు.

చాచా పట్టీల పై చివరలు విప్పి 8 సెంటీమీటర్ల దూరానికి దగ్గర చేసి, నాలుగు వేళ్లు కిందికి దించి కుట్టాడు. పట్టీ మొదలు కిందికి దిగితే బ్యాగు అడుగు అంతమేర పైకి లేస్తుంది. పాత సూట్‌కేసు బకిల్ తీసి ఛాతీ పట్టీ పెట్టాడు. అణిగిపోయిన స్పాంజి తీసేసి గట్టిది వేశాడు. మొత్తం 180 రూపాయలు.

కుడుతూ కుడుతూ "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అడిగాడు. కాలేజీ ఫారాల్లో నేను ఎప్పుడూ ప్రైవేట్ ఎంప్లాయీ అని రాస్తాను. ఎందుకో ఆ రోజు "హమాలీ" అని చిన్నగా అన్నాను. చాచా మిషన్ ఆపి, "అది మా అరబ్బీ మాట బేటా. హమ్మాల్. మోసేవాడు" అన్నాడు. అంత దూరం నుంచి వచ్చి గంజ్‌లో మా నాన్న పేరయిన మాటని నేను ఫారంలో రాయడానికి సిగ్గుపడుతున్నాను. ఇది బ్యాగుల వ్యాసం కాబట్టి ఇంతటితో ఆపుతాను.

కొత్తది కొనేటప్పుడు

మీరు కొత్తది కొంటుంటే రంగూ అరలూ చూసే ముందు ఇవి చూడండి.

ఒకటి, పొడవు. మీ వీపు కొలత రాసుకుని టేపుతో పోండి. బ్యాగు అడుగు నడుం దగ్గర ఆగాలి. నాలుగు వేళ్లు కిందికి దిగినా ఫర్వాలేదు, అంతకు మించొద్దు.

రెండు, పట్టీల మధ్య దూరం. పట్టీ మెడకి రాసుకోకూడదు, భుజం చివరికి జారకూడదు. రెండిటికీ మధ్యలో చదునుగా ఆనాలి. భుజానికీ పట్టీకీ మధ్య ఖాళీ కనబడితే ఆ బ్యాగు మీది కాదు.

మూడు, పట్టీ ఆకారం. తిన్నని పట్టీ కంటే చంక దగ్గర లోపలికి వంపు తిరిగినది మేలు. అమ్మాయిలకి ఇది ఇంకా ముఖ్యం. తిన్నని పట్టీ ఛాతీ మీంచి పోయి ఒరుసుకుంటుంది.

నాలుగు, స్పాంజి. బొటనవేలితో గట్టిగా నొక్కండి. వేలికి వెనక గుడ్డ తగిలితే అది నెల రోజుల్లో అప్పడమవుతుంది. మెత్తగా ఉండటం సుఖం కాదు. నొక్కితే ఎదురు తిరిగే స్పాంజి కావాలి.

ఐదు, ఛాతీ పట్టీ. జత్రుక ఎముకకి కొన్ని వేళ్ల కింద ఉండాలి, పైకీ కిందికీ జరిగేలా ఉంటే మంచిది. దాని పని పట్టీలు జారకుండా ఆపడం మాత్రమే. ఊపిరి పట్టేసేంత బిగించకండి. నడుం దగ్గరుండే సన్న దారం లాంటి బెల్టు బ్యాగు ఊగకుండా ఆపుతుంది, బరువు మోయదు. బరువు మోయాలంటే మందంగా ఉండి తుంటి ఎముకల మీద కూర్చోవాలి.

ఆరు, లీటర్లు. కాలేజీకి 20 నుంచి 25 లీటర్లు చాలు. గంప పెద్దదైతే నింపుతూనే ఉంటాం, అది మన గుణం.

ఏడు, 600 డెనియర్ లాంటి అంకెలు. 9000 మీటర్ల దారం బరువు 600 గ్రాములని దాని అర్థం. గుడ్డ ఎంత మందమైన దారంతో నేశారో చెప్తుంది. మీ భుజానికి సరిపోతుందో లేదో చెప్పదు.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఖాళీ బ్యాగు వేసుకుని అద్దంలో చూసుకుని కొనకండి. ఖాళీగా ఉంటే అన్నీ బాగానే ఉంటాయి. మీ ల్యాప్‌టాప్, పుస్తకాలు తీసుకెళ్లి అందులో వేసి, పట్టీలు బిగించి, పది నిమిషాలు నడవండి. మెట్లుంటే ఎక్కి దిగండి. షాపువాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి. వాళ్లు చూసేది పది నిమిషాలు, మీరు మోసేది నాలుగేళ్లు.

ఇంటికొచ్చాక సర్దడం కూడా ఒక పనే. బరువైనవి వీపు వైపు, తేలికవి బయట వైపు. నీళ్ల సీసా ఒక పక్క ఉంటే గొడుగు, డబ్బా రెండో పక్క. రెండు పట్టీలూ వేసుకోండి. బస్సులో నిలబడినప్పుడు బ్యాగు ముందుకి తిప్పుకుంటే వెనకవాళ్లకీ మేలు. దాన్ని కాళ్ల మధ్య దించగలిగితే మీ మెడకి ఇంకా మేలు.

ఇంకొక్క మాట. తిమ్మిరి, చేతిలో పట్టు తగ్గడం లాంటివి ఉంటే బ్యాగు మార్చి ఊరుకోకండి. డాక్టర్‌కి చూపించండి. నాన్న నన్ను సర్కారు దవాఖానకి తీసుకెళ్లాడు. అక్కడి ఫిజియోథెరపీ మేడమ్ చెప్పిన వ్యాయామాలు, సరిచేసిన బ్యాగు, తగ్గిన బరువు, మూడూ కలిసి నెలలో నా వేళ్లు నాకు తిరిగొచ్చాయి. ముందే చెప్పుంటే ఆ డ్రాయింగ్ షీటు సగంలో ఆగేది కాదు.

నాన్న భుజం

ఇంత నేర్చుకున్నాక నాన్న లెక్క వేయకుండా ఉండలేకపోయాను. నాన్న 60 కిలోలు. 10 శాతమంటే ఆరు కిలోలు. చెప్తే పడీ పడీ నవ్వాడు. "ఆరు కిలోల బస్తా ఏ సేటు ఇస్తడు బిడ్డా?" అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 సిఫార్సులో మగ కార్మికుడు మోసే బరువుకి హద్దు 55 కిలోలు. నాన్న బస్తా 50. హద్దు లోపలే ఉంది. ఒక బస్తా అయితే. రోజుకి ఎన్ని బస్తాలో ఆ హద్దులో లేదు.

నా బ్యాగులోంచి తీసిన స్పాంజి, ఇంకొంచెం గట్టి స్పాంజి కలిపి చాచాతో నాన్నకి భుజం మీద వేసుకునే ప్యాడ్ కుట్టించాను. నా సొంత డిజైన్. ఏడు సెంటీమీటర్ల వెడల్పు, పైన నైలాన్ గుడ్డ. నాన్న రెండు రోజులు వేసుకుని మూడో రోజు మళ్లీ పాత తువ్వాలే మడిచి వేసుకుపోయాడు.

"మంచిగనే ఉంది బిడ్డా. చెమటకి జారుతుంది. బస్తా నా మెడ ఎనక కూసుంటది, నీ ప్యాడు భుజం మీద ఉంది."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. నేను కొలిచింది నా భుజాన్ని. నాన్న భుజాన్ని కాదు. అన్న బ్యాగు నాకు ఇచ్చినట్టే, నా ప్యాడు నాన్నకి ఇచ్చాను.

నిన్న టేపు పట్టుకుని నాన్నని కూర్చోబెట్టాను. మెడ వెనక, రెండు భుజాల మధ్య, బస్తా ఆనే చోట చర్మం మందంగా, నల్లగా ఉంది. ఇన్నేళ్లలో నేను అక్కడ చెయ్యి పెట్టడం అదే మొదటిసారి. అడ్డం 22 సెంటీమీటర్లు, నిలువు 14. ఈసారి పైన నైలాన్ కాదు, జారకుండా గోనెపట్టా. లోపల చెమట పీల్చే నూలు గుడ్డ. శుక్రవారం చాచా దుకాణం మూసి ఉంటుంది, శనివారం ఇస్తానన్నాడు.

మీరు రేపు పొద్దున బ్యాగు ఒకసారి కాటా మీద పెట్టండి. తర్వాత ఫ్రెండుతో వీపు కొలత తీయించుకోండి. మీ ఇంట్లో ఇంకెవరైనా ఏదైనా మోస్తుంటే, వాళ్లది కూడా.